శ్రీశైలం అడవిలో దేవుడి దారి, పులి దారి: నల్లమలలోకి ఎవరు, ఎప్పుడు, ఏ లెక్కన వెళ్ళొచ్చు?

ప్రతి ఏడూ శివరాత్రి దగ్గర పడేసరికి ఒకటే గొడవ మొదలవుతుంది. రాత్రి 9 దాటిందని శ్రీశైలం రోడ్డు మీద దోర్నాల దగ్గర గేటు వేసేశారు, మన దేవుడి దగ్గరికి మనం పోడానికి ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ ఏంటి అని ఒకరు అడుగుతారు. పులులు తిరిగే అడవిలోకి లక్షల మందిని ఎలా వదుల్తున్నారు, ఇది టైగర్ రిజర్వా తిరనాళ్ళ మైదానమా అని ఇంకొకరు అడుగుతారు. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. కానీ రెండు పక్కల వాళ్ళూ వాడే మాటలు, అభయారణ్యం, కోర్, బఫర్, పర్మిషన్, హక్కు, ఇవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలీకుండా పోతోంది. అందుకే మొదట్నుంచి విప్పుకుంటూ వద్దాం, చిక్కు ఎక్కడుందో అప్పుడు కనపడుతుంది.

అసలు ఈ అడవి ఎంత, ఎవరి కింద ఉంది

నల్లమలలో కృష్ణా నదికి రెండు పక్కలా ఉన్న అడవిని 1978లో నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకి తెచ్చారు, 1992లో రాజీవ్ గాంధీ పేరు పెట్టారు. అప్పట్లో విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు. 2014లో రాష్ట్రం విడిపోయాక నదికి అటు పక్క అడవి తెలంగాణకి పోయి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయ్యింది, అది దాదాపు 2,611 చదరపు కిలోమీటర్లు. ఇటు ఆంధ్రలో మిగిలినదానికి గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యాన్ని, చుట్టూ బఫర్‌ని కలుపుకుంటే నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్ 3,296 చదరపు కిలోమీటర్లు వస్తుంది, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వ్ ఇదే. 2022 లెక్కింపులో ఆంధ్రకి 63 పులులు, తెలంగాణకి 21 వచ్చాయి. ఆంధ్ర పులుల్లో ఎక్కువ భాగం ఈ నల్లమలవే.

పులికి రాష్ట్ర సరిహద్దు తెలీదు, నీళ్ళు తక్కువున్న చోట కృష్ణా ఈదేసి అటూ ఇటూ పోతుంది. కానీ మనకి మాత్రం రెండు రాష్ట్రాలు, రెండు అటవీ శాఖలు, రెండు రకాల రూల్సు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయేవాళ్ళు మన్ననూరు దగ్గర తెలంగాణ అడవిలోకి ఎక్కి, దోమలపెంట దాటి డ్యామ్ దగ్గర నది దాటాక ఆంధ్ర అడవిలోకి వస్తారు, ఒక్క ప్రయాణంలో రెండు రిజర్వులు. ఒకవైపు అడిగిన రుసుము ఇంకోవైపు ఎందుకు అడగట్లేదు, ఒకవైపు సఫారీ ఉంటే ఇంకోవైపు ఎందుకు లేదు అనే సందేహాల్లో చాలావాటికి జవాబు ఇంతే.

పేర్ల తికమక: అభయారణ్యం వేరు, టైగర్ రిజర్వ్ వేరు

రిజర్వ్ ఫారెస్ట్ అంటే ప్రభుత్వం అడవి అని గీత గీసి ఉంచుకున్న భూమి, అంతకుమించి జంతువుల గురించి అందులో పెద్దగా ఏం ఉండదు. అభయారణ్యం, అంటే శాంక్చురీ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ప్రకటించేది. ఇక్కడ జంతువుకి మొదటి చోటు, మనిషి ప్రవేశానికి షరతులు. టైగర్ రిజర్వ్ అనేది అదే చట్టంలోకి 2006లో చేసిన సవరణతో వచ్చింది, అంతకుముందు అది ప్రాజెక్ట్ టైగర్ పథకం కింద ఉన్న పేరే. ఒకే నేల ఈ మూడూ అయ్యుండొచ్చు, శ్రీశైలం చుట్టూ చాలా మటుకు అలాగే ఉంది.

టైగర్ రిజర్వ్‌లో మళ్ళీ రెండు భాగాలు. కోర్ అంటే పులి పిల్లల్ని పెట్టి పెంచుకునే చోటు, మనుషుల అలికిడి లేకుండా ఉంచాల్సినది. పిల్లల్ని కనే ఆడపులులు ఒక 20 ఉండాలంటే 800 నుంచి 1,200 చదరపు కిలోమీటర్ల ప్రశాంతమైన అడవి కావాలనేది ఈ కోర్ వెనకున్న లెక్క. బఫర్ అంటే దాని చుట్టూ ఉండే పట్టీ, ఊళ్ళు పొలాలు పశువులు అన్నీ ఉంటాయి, మనిషీ జంతువూ సర్దుకుపోవాల్సిన చోటు. నల్లమలలో ఆంధ్ర వైపు కోరే 2,595 చదరపు కిలోమీటర్లు పైన, బఫర్ 700. అంటే అడవిలో ఎక్కువ భాగం కోరే. మామూలుగా టైగర్ రిజర్వుల్లో జనం రద్దీ అంచుల్లో ఉంటుంది, లోపలికి పోయే కొద్దీ తగ్గుతుంది. ఇక్కడ తిరగబడింది, అడవి నడిమధ్యలో జ్యోతిర్లింగమూ శక్తిపీఠమూ ఒకే ప్రాకారంలో ఉన్న గుడి ఉంది, దాని చుట్టూ ఒక ఊరు ఉంది, నదికి అడ్డంగా ఒక డ్యామ్ ఉంది.

అడవి లోపల ఇన్ని గుళ్ళు ఎందుకున్నాయి

దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ మొత్తం చిక్కుకి వేరు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

శ్రీశైలం ఈ మధ్య వెలిసిన ఊరు కాదు. 2వ శతాబ్దపు నాసిక్ శాసనంలో సిరిటన అనే కొండ పేరొస్తుంది, అది శ్రీశైలమేనని చరిత్రకారులు గుర్తించారు. నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనాల్లో విజయపురి నగరంతో పాటు శ్రీపర్వతం పేరు కూడా వస్తుంది, అంటే బౌద్ధులకి కూడా ఈ కొండల వరస పవిత్రమే. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి పాతాళగంగకి మెట్లు కట్టించాడు, అహోబిలంలో కూడా. కృష్ణదేవరాయలు వచ్చాడు, 1677లో శివాజీ వచ్చాడు. కొండకి నాలుగు ద్వారాలని పెద్దలు చెప్తారు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఈ నాలుగింటినీ మ్యాప్ మీద కలిపి చూడండి, మధ్యలో పడేది దాదాపు ఇవాళ్టి టైగర్ రిజర్వే. మన పూర్వీకుల లెక్కలో గుడి అంటే ఆ ప్రాకారం ఒక్కటే కాదు, ఆ అడవంతా క్షేత్రమే.

ఇక లోపలి చోట్లు చూడండి. సలేశ్వరంలో లోయలోకి పడే జలపాతం, కింద గుండం, పక్క గుహలో లింగమయ్య. మల్లెల తీర్థం పేరులోనే తీర్థం. ఆత్మకూరు నడక దారిలో భీముని కొలను, దప్పికైన ద్రౌపది కోసం భీముడు గదతో కొండని కొట్టి నీళ్ళు తెప్పించాడని చెప్పుకుంటారు. అహోబిలంలో భవనాశిని పారుతుంటుంది, దాని లోయల వెంబడే నవ నరసింహుల్లో ఎక్కువ మంది. అన్నిచోట్లా కలిసొచ్చేది ఒకటే, నీళ్ళు. నల్లమల ఆకురాల్చే అడవి, మాఘం దాటితే వాగులు ఎండిపోతాయి, మద్ది టేకు వెదురు అన్నీ ఆకు రాల్చేసి అడవి పల్చబడుతుంది. అలాంటప్పుడు నీళ్ళు నిలిచే నాలుగు చోట్లు ఏవైతే ఉన్నాయో మునులు అక్కడే కూర్చున్నారు, లింగాలు అక్కడే వెలిశాయి, ఈ అడవి గిరిజనులు చెంచులు అక్కడే పెంటలు, అంటే చిన్న గూడేలు, వేసుకున్నారు. దుప్పి, కణితి, మనుబోతు కూడా అక్కడికే వస్తాయి, వాటి వెనక పులి వస్తుంది.

మన పెద్ద జాతరలు ఎప్పుడు అన్నది కూడా చూడండి. శివరాత్రి ఫిబ్రవరి మార్చిలో. ఉగాదికి కన్నడ భక్తులు భ్రమరాంబని తమ ఇంటి ఆడపడుచుగా అనుకుని సారె పట్టుకుని అడవి దారిన నడిచి వస్తారు, అది మార్చి ఏప్రిల్. సలేశ్వరం చైత్ర పౌర్ణమికి, ఏప్రిల్‌లో. సరిగ్గా అడవి ఎండి నీళ్ళు కరువై, బోదగడ్డి ఒక్క నిప్పురవ్వకి అంటుకునేలా ఉన్న నెలలు. భక్తుడూ పులీ ఒకే నీటి దగ్గరికి ఒకే కాలంలో వస్తున్నారు. ఇది వెయ్యేళ్ళ నుంచీ ఉన్నదే. మారింది ఎంతమంది వస్తున్నారు, ఎన్ని రోజులు వస్తున్నారు, ఏ బండి మీద వస్తున్నారు అన్నవి.

చట్టంలో యాత్రికుడు అనే మనిషి లేడు

1972 చట్టంలో 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరు రావొచ్చో చెప్తుంది. డ్యూటీ మీదున్న ప్రభుత్వ ఉద్యోగి, పర్మిషన్ తీసుకుని లోపల ఉంటున్నవాళ్ళు, లోపల స్థిరాస్తి హక్కున్నవాళ్ళు, పబ్లిక్ హైవే మీద దాటిపోయేవాళ్ళు, వీళ్ళలో మొదటి మూడు రకాల వాళ్ళ మీద ఆధారపడినవాళ్ళు. ఇంతే, మిగతా అందరికీ 28వ సెక్షన్ కింద పర్మిట్ కావాలి. ఆ పర్మిట్ ఏ పనులకి ఇవ్వొచ్చో కూడా రాసుంది: వన్యప్రాణుల అధ్యయనం, ఫోటోగ్రఫీ, శాస్త్ర పరిశోధన, టూరిజం, లోపల ఉండేవాళ్ళతో చట్టబద్ధమైన పని. వెతికి చూడండి, తీర్థయాత్ర అనే మాట ఆ జాబితాలో లేదు.

అంటే కాలినడకన మాలతో శివయ్య దగ్గరికి పోయే మనిషిని ఈ జాబితా టూరిస్టు కిందే చూడాలి, ఇంకో గడి లేదు. ఆ మనిషి మనసులో మాత్రం తను టూరిస్టు కాదు, తాత ముత్తాతల నుంచి నడుస్తున్న దారిలో నడుస్తున్నవాడు. ఫారెస్ట్ ఆఫీసర్ చేతిలో ఉన్న పుస్తకం ఒకటి చెప్తోంది, భక్తుడి గుండె ఇంకోటి చెప్తోంది, రోడ్డు మీద మనం చూసే గొడవ ఈ ఖాళీ నుంచి పుడుతోంది.

భక్తుల వైపు చట్టంలో ఏమీ లేదా అంటే, అలాగని కాదు. అభయారణ్యం ప్రకటించేటప్పుడు కలెక్టర్ విచారణ చేసి అక్కడి హక్కుల్ని తేల్చాలి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌తో మాట్లాడి కొన్ని హక్కుల్ని కొనసాగనివ్వొచ్చు కూడా. రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛ ఇస్తుంది. అదే రాజ్యాంగం 48ఏ అడవినీ వన్యప్రాణినీ కాపాడమని ప్రభుత్వానికి, 51ఏ(జి) పౌరులకి చెప్తుంది. పూజ చేసుకునే హక్కుని ఎవరూ కాదనట్లేదు, ఏ దారిన ఏ వేళకి ఎంతమంది పోవాలన్న దాని మీద షరతు పెట్టొచ్చా లేదా అన్నదే తగువు. నాకు తెలిసినంతలో పెట్టొచ్చు, పెడుతూనే ఉన్నారు, పండక్కి తిరుమల క్యూలో కూడా షరతులే కదా ఉండేది.

నలుగురు మనుషుల్ని తీసుకుని చూద్దాం

మొదటి మనిషి హైదరాబాద్ నుంచి సొంత కారులో కుటుంబంతో బయల్దేరాడు. 765 జాతీయ రహదారి మీద మన్ననూరు, దోమలపెంట మీదుగా శ్రీశైలం పోతాడు. ఇతను 27వ సెక్షన్‌లో హైవే మీద దాటిపోయే మనిషి, అడవిలోకి పర్మిట్ అక్కర్లేదు, చెక్‌పోస్టులో బండికి కట్టమన్నది కట్టి పోవడమే. కానీ మధ్యలో వటవర్లపల్లి దాటాక చెట్టు నీడ బాగుందని కారు ఆపి, చాప పరిచి పులిహోర తిని, ప్లేట్లు అక్కడే వదిలేస్తే? ఆ క్షణం అతను దాటిపోయేవాడు కాదు, అభయారణ్యంలోకి పర్మిట్ లేకుండా దిగినవాడు. కోతులకి అరటిపళ్ళు వేసినా ఇబ్బందే, తిండి అలవాటైన కోతి రోడ్డు వదలదు, బండి కింద పడుతుంది.

రెండో మనిషికి ఇష్టకామేశ్వరి అమ్మవారిని చూడాలని ఉంది. అమ్మవారి నుదుట బొట్టు పెడితే మనిషి చర్మంలా మెత్తగా తగుల్తుందని అందరూ చెప్తారు, ఆ నమ్మకంతోనే పోతారు. గుడి దోర్నాల రోడ్డు నుంచి బాగా లోపల, రాళ్ళ దారి. ఇక్కడికి మన ఇష్టం వచ్చినట్టు పోలేం, అటవీ శాఖ ఏర్పాటు చేసిన జీపుల్లో, పగటిపూట, లెక్కపెట్టి వదిలినంతమందే. ఇతన్ని కాగితం మీద ఎకో టూరిస్టు అంటారు. కోర్‌లో టూరిజం అసలు ఉండొచ్చా అనే ప్రశ్న 2012లో సుప్రీంకోర్టు దాకా పోయింది, జూలైలో దేశమంతా కోర్‌లో టూరిజం ఆపేశారు, అక్టోబర్‌లో కొత్త మార్గదర్శకాలు వచ్చాక మళ్ళీ తెరిచారు, కోర్‌లో 20 శాతానికి మించి టూరిజానికి వాడకూడదన్న హద్దు అందులోదే. వానాకాలం జూలై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీలు మూసేసేది కూడా ఈ టూరిజం లెక్కలోనే. ఆ నెలల్లో వచ్చి, గుడికి సెలవేంటి అని బాధపడే భక్తులుంటారు, వాళ్ళ బాధ అర్థమవుతుంది, కానీ అక్కడికి పోయే జీపు మాత్రం టూరిజం పద్దులో ఉంది.

మూడో మనిషి కర్నూలు వైపు రైతు. శివరాత్రికి ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నడక మొదలుపెట్టి నాగలూటి వీరభద్రుడిని చూసుకుని, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా మల్లన్న దగ్గరికి చేరతాడు. ఏడాదిలో మిగతా రోజుల్లో ఇదే దారిలో ఇతను ఒక్కడే నడిస్తే అది అక్రమ ప్రవేశం. శివరాత్రికి ఆ కొన్ని రోజులు మాత్రం అటవీ శాఖే దారి తెరుస్తుంది, చలివేంద్రాలు, అన్నదానాలు, మెడికల్ క్యాంపులు ఉంటాయి. మనిషి అదే, దారి అదే, తేదీ మారితే లెక్క మారిపోతుంది. ఒక సందేహం మిగులుతుంది, రాత్రి దారి పక్కన పొయ్యి వెలిగించి అన్నం వండుకోవచ్చా? కుదరదు, 30వ సెక్షన్ అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా నిప్పు పెట్టడాన్నీ మండుతున్న నిప్పుని వదిలేసి పోవడాన్నీ నిషేధించింది. అందుకే అన్నదానాలు ఫలానా చోటే పెట్టాలని గట్టిగా చెప్తారు. బీడీ కూడా అంతే, మార్చిలో నల్లమలలో ఆరని బీడీ ముక్క చాలు కొండంతా కాలడానికి.

నాలుగో మనిషి పెచ్చెరువు చెంచు గూడెంలో పుట్టినవాడు. పై ముగ్గురూ అతని ఇంటి ముందు నుంచే పోతున్నారు.

చెంచుల మాట విడిగా చెప్పుకోవాలి

ఈ తగువుని జనం సాధారణంగా భక్తులకీ పులులకీ మధ్య పెట్టి చూస్తారు, మధ్యలో చెంచుల్ని మర్చిపోతారు. మల్లన్న చెంచులకి అల్లుడు, వాళ్ళ నోట చెంచు మల్లయ్య. అహోబిలం నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్ళాడి వాళ్ళ ఇంటి అల్లుడయ్యాడు, అందుకే సంక్రాంతి తర్వాత పార్వేట ఉత్సవంలో స్వామి తన పెళ్ళికి పిలవడానికి పల్లకీలో ఊరూరూ తిరుగుతాడు, వారాల తరబడి. ఈ గుళ్ళ కథల్లో అడవి మనుషులు బంధువులు, పక్కన నిలబడి చూసేవాళ్ళు కాదు.

చట్టంలో కూడా వాళ్ళ స్థానం వేరు. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ళకి అడవి మీద హక్కులిచ్చింది, అత్యంత బలహీన ఆదిమ తెగలకి తమ ఆవాస ప్రాంతం మొత్తం మీద హక్కు అడిగే వీలు కూడా అందులో ఉంది. కోర్ ప్రకటించేటప్పుడు కూడా గిరిజనుల హక్కులకి భంగం కలగకుండా చేయాలని వన్యప్రాణి చట్టం 38వీ సెక్షనే చెప్తోంది. వాళ్ళని బయటికి తరలించాలంటే గ్రామసభ ఇష్టపూర్వకంగా, విషయం అంతా తెలిసి ఒప్పుకోవాలి. ఒప్పుకున్న కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ. అమ్రాబాద్ వైపు కొన్ని ఊళ్ళు తరలింపు మాటల్లో ఉన్నాయి, కొందరు పిల్లల చదువు కోసం ఆస్పత్రి కోసం పోతామంటున్నారు, కొందరు మా దేవుడు మా తేనె మా గడ్డలు ఇక్కడే, మైదానంలో మేం ఏం చేస్తాం అంటున్నారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

చెంచుల నుంచి వచ్చే ప్రశ్న ఒకటుంది, దానికి ఎవరి దగ్గరా మంచి జవాబు నేను వినలేదు: పులికి ఇబ్బంది అని తరాలుగా ఉన్న మమ్మల్ని కదలమంటూ, ఏటా లక్షల మందిని అదే అడవి గుండా ఎలా రానిస్తున్నారు? అటవీ శాఖ వైపు నుంచి చెప్పేది ఏంటంటే యాత్ర కొన్ని రోజులదే, ఊరు 365 రోజులదీ అని, తరలింపు కూడా బలవంతం కాదని. ఆ లెక్కలో కొంత నిజముంది. కానీ ఏడాదంతా రోడ్డు మీద తిరిగే బండ్లు, ఏడాదంతా పెరుగుతున్న కొండ మీది కట్టడాలు ఏ లెక్కలోకి వస్తాయి? పులుల జాడ తీసేవాళ్ళలో, బేస్ క్యాంపుల్లో ఉండి కాపలా కాసేవాళ్ళలో చాలామంది చెంచు వాచర్లే, అడుగు గుర్తు చూసి మగదో ఆడదో చెప్పే మనుషులు. వాళ్ళని బయట పెట్టి ఈ అడవిని కాపాడటం ఎలాగో నాకైతే అర్థం కాదు.

రాత్రి గేటు ఎందుకు మూస్తారు

మన్ననూరు వైపు, దోర్నాల వైపు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు ఆపుతారు. కర్ణాటక బండీపూర్ టైగర్ రిజర్వ్‌లో కూడా 2009 నుంచి ఇవే గంటలు, అంటే ఇది శ్రీశైలం భక్తుల మీద పెట్టిన ప్రత్యేకమైన ఆంక్ష కాదు. పులి, చిరుత, ఎలుగుబంటి, అడవిపంది ఎక్కువగా తిరిగేది చీకటి పడ్డాక. తారు రోడ్డు పగటి వేడిని పట్టుకుని ఉంటుంది కాబట్టి పాములు దాని మీదకి వస్తాయి. హెడ్‌లైట్ కళ్ళలో పడ్డ దుప్పి పారిపోదు, అక్కడే నిలబడిపోతుంది. ఘాట్ మలుపుల్లో డ్రైవర్‌కి అది కనపడేసరికి ఆలస్యమైపోతుంది.

అవతలి వాదన కూడా వినాలి. కొండ మీద ఎవరికైనా అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే? అలాంటి అత్యవసరానికి గేటు తెరవాల్సిందే, అందులో తగువు లేదు. దూరం నుంచి వచ్చే పేదవాళ్ళ బస్సు ఆలస్యమైతే గేటు దగ్గర పిల్లలతో పడుకోవాల్సి వస్తుంది. మేం కూడా ఒకసారి 9 దాటాక చేరి తెల్లారేదాకా కార్లోనే కూర్చున్నాం, చుట్టూ ఆడవాళ్ళు ముసలివాళ్ళు ఎక్కడికి పోవాలో తెలీక నిలబడ్డారు, ఆ రాత్రి నాకు బాగా గుర్తుంది. కాబట్టి గేటు మూయడం సరైనదే అనుకుంటూనే, గేటు దగ్గర నాలుగు మరుగుదొడ్లు, తాగునీళ్ళు, ఒక షెడ్డు ఉండాలని అడగడం కూడా అంతే సరైనది. శివరాత్రి రోజుల్లో ఎలాగూ టైమింగ్స్ సడలిస్తుంటారు, ఆ రోజుల్లో స్పీడు మీద నిఘా మామూలు రోజుల కన్నా ఎక్కువ కావాలి.

వేరే కొండల్లో ఎలా నడుస్తోంది

శబరిమల కూడా టైగర్ రిజర్వ్‌లోనే ఉంది, పెరియార్‌లో. మన తెలుగు అయ్యప్ప స్వాములు లక్షల్లో పోతారు, రద్దీ భయంకరంగా ఉంటుంది, పంపానది కాలుష్యం పెద్ద సమస్య. కానీ ఆ గుడి ఏడాదంతా తెరిచి ఉండదు. మండలం, మకరవిళక్కు కలిపి రెండు నెలల పైచిలుకు, తర్వాత మలయాళ నెల మొదట్లో ఐదేసి రోజులు, విషు లాంటి పండగలు. మిగతా రోజులు అడవికే. ఇది పులుల కోసం పెట్టిన నియమం కాదు, గుడి ఆచారమే అలా ఉంది, అయినా అడవికి మేలు చేస్తోంది. సలేశ్వరం కూడా అచ్చంగా ఇలాంటిదే, చైత్ర పౌర్ణమి చుట్టూ ఆ కొన్ని రోజులే. పోయేటప్పుడు వస్తున్నాం లింగమయ్యా అంటారు, తిరిగొచ్చేటప్పుడు పోయొస్తాం లింగమయ్యా అంటారు, ఆ తర్వాత లోయ మళ్ళీ జంతువులది.

శ్రీశైలానికి ఈ పద్ధతి కుదరదు, నిత్యపూజలున్న జ్యోతిర్లింగాన్ని ఏడాదిలో పది నెలలు మూయమని ఎవరూ అనరు. దానికి దగ్గరి పోలిక తిరుమల. అక్కడ చుట్టూ శ్రీవెంకటేశ్వర నేషనల్ పార్క్, శేషాచలం అడవి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక ఆరేళ్ళ పాపని ఎత్తుకెళ్ళి చంపింది. ఆ తర్వాతే 12 ఏళ్ళ లోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 దాటాక మెట్ల దారిలో వదలకూడదన్న నియమం, చేతికర్రలు, గుంపులుగా పంపడం వచ్చాయి. అంతకుముందు ఇలాంటివి చెప్పి ఉంటే భక్తులని ఇబ్బంది పెడుతున్నారనే వాళ్ళం.

అడవి జంతువు ఊరి దగ్గరికి రావడానికి గుట్టు పెద్దగా ఏమీ లేదు. తినగా మిగిలిన అన్నం పారేస్తే అడవిపందులు, కుక్కలు వస్తాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. శ్రీశైలం ఊళ్ళో కూడా చిరుత తిరిగిందని సీసీ కెమెరా వీడియోలు అప్పుడప్పుడు బయటికొస్తూనే ఉన్నాయి. అక్కడ వెయ్యి మంది నడిచిపోవడం కన్నా, వంద మంది పారేసిన ఎంగిలి ఎక్కువ రోజులు పనిచేస్తుంది.

ఇప్పుడు ముందున్న రెండు పెద్ద ప్రశ్నలు

ఒకటి భూమి. శ్రీశైలాన్ని తిరుమల తరహాలో అభివృద్ధి చేయాలి, దానికి అటవీ భూమి కావాలి అనే మాట నడుస్తోంది. కొండ మీద వసతి చాలట్లేదు, పండగ రోజుల్లో జనం రోడ్ల మీద పడుకుంటున్నారు అన్నది నిజం. కానీ కట్టడానికి ఖాళీ జాగా అంటూ లేదు, చుట్టూ ఉన్నదంతా అడవే. అటవీ భూమిని వేరే పనికి మళ్ళించాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం ఒప్పుకోవాలి, అభయారణ్యం కాబట్టి జాతీయ వన్యప్రాణి బోర్డు చూడాలి, టైగర్ రిజర్వ్ కాబట్టి పులుల సంరక్షణ అథారిటీ మాట కావాలి. రాష్ట్ర ప్రభుత్వమో దేవస్థానమో తలుచుకుంటే అయిపోయేది కాదు. దీనికి ఇంకో దారి చెప్పేవాళ్ళున్నారు, రాత్రి బస కింద సున్నిపెంటలోనో, దోర్నాలలోనో, మన్ననూరులోనో పెట్టి కొండ మీదకి దర్శనానికి మాత్రం బస్సుల్లో పంపాలని. దాని వల్ల కొండ మీద వ్యాపారం చేసుకునే చిన్నవాళ్ళకి దెబ్బ తగుల్తుంది, కింద ఊళ్ళకి కొత్త బతుకుతెరువు వస్తుంది.

రెండోది అమ్రాబాద్ అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్, అంటే హైదరాబాద్ శ్రీశైలం రోడ్డుని స్తంభాల మీద ఎత్తడం. ఇది కావాలనేవాళ్ళు చెప్పేది బలమైనదే: కింద జంతువులు తిరుగుతాయి, పైన బండ్లు పోతాయి, కోతులకి అరటిపళ్ళు వేయడానికి ఎవరూ దిగలేరు, రాత్రి గేటు అవసరమే ఉండదు. కాదనేవాళ్ళు కట్టేటప్పుడు ఏళ్ళ తరబడి కోర్‌లో జరిగే పేలుళ్ళు, యంత్రాలు, కూలీల క్యాంపుల గురించి అడుగుతున్నారు, స్తంభాల కోసం కొట్టే చెట్ల గురించి అడుగుతున్నారు. పాత రోడ్డు నిజంగా మూసేస్తారా లేక రెండూ ఉంటాయా అన్నది కూడా ముఖ్యమే, రెండూ ఉంటే లాభంలో సగం పోతుంది.

నాకైతే ఇంకో సందేహం ఉంది. రాత్రి 2 గంటలకి వంతెన మీద హాయిగా దాటిన కారు తెల్లారేసరికి ఎక్కడో చోట ఆగాలి, అది శ్రీశైలంలోనే ఆగుతుంది. ఇవాళ గేటు దగ్గర ఆగుతున్న రద్దీ రేపు కొండ మీద ఆగుతుంది. అక్కడ పార్కింగ్ ఎక్కడ, నీళ్ళు ఎన్ని, చెత్త ఎటు పోతుంది, ఒక రోజుకి ఎన్ని బండ్లు అన్న లెక్క వంతెన కట్టకముందే వేయాలి.